ఏడిపించకుండా నిద్రపుచ్చడం

"రాత్రిళ్లు పడుకుంటోందా?" అని బాలింతను చూడటానికి వచ్చినవాళ్లంతా అడుగుతారు. రెండు మూడు సార్లు లేస్తోందని తల్లి చెప్పగానే సలహాలు మొదలవుతాయి. పాలు చాలడం లేదేమో, డబ్బాపాలు పట్టమంటారు ఒకరు. ఎత్తుకుని ఎత్తుకుని అలవాటు చేశావంటారు ఇంకొకరు. దిష్టి తీయమని, వస అరగదీసి నాకించమని, పడుకునే ముందు కాస్త ఉగ్గు పెట్టమని, ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. అసలే నిద్రలేక కళ్లు మండుతున్న తల్లికి ఇవన్నీ విన్నాక మిగిలేది ఒక్క అనుమానమే. నా పెంపకంలోనే ఏదో లోపం ఉందేమో అని.

లోపమేమీ లేదు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఆరు నెలల పిల్లల్లో 38 శాతం మంది ఏకబిగిన ఆరు గంటలు నిద్రపోవడం లేదు. ఏడాది నిండినవాళ్లలోనూ 28 శాతం మంది అంతే. ఎనిమిది గంటల నిద్రను లెక్కలోకి తీసుకుంటే, ఆరు నెలలప్పుడు 57 శాతం, ఏడాదికి 43 శాతం మంది అంతసేపు పడుకోవడం లేదు. అలా మధ్యలో లేచే పిల్లల ఎదుగుదలకూ, లేవని పిల్లల ఎదుగుదలకూ ఆ అధ్యయనంలో తేడా కనిపించలేదు.

అలాగని "పెద్దయితే అదే సర్దుకుంటుందిలే" అని చేతులు దులుపుకోవడం కూడా నాకు నచ్చదు. సర్దుకునేదాకా మేలుకుని ఉండేది తల్లి. గుక్కపట్టి ఏడ్చినా పట్టించుకోకుండా వదిలేయడానికీ, రాత్రంతా భుజాన వేసుకుని తిరగడానికీ మధ్య చాలా చోటుంది. బిడ్డ మెదడు దానంతటది ఎదుగుతుంది. ఆ ఎదుగుదలకు తగ్గట్టు చీకటీ వెలుగూ, ఒక క్రమం, పక్కన మనిషి ఉన్నారన్న ధైర్యం ఇవ్వడం, మన సాయాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావడం మన వంతు.

బిడ్డ నిద్ర తీరు

పుట్టిన దగ్గర్నుంచి మూడు నెలల దాకా బిడ్డకు రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య, పగటి కునుకులతో కలిపి, 12 నుంచి 16 గంటలు. అంటే బిడ్డ పడుకునేది తక్కువేమీ కాదు. ఆ నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది, అంతే.

పెద్దవాళ్ల నిద్ర సుమారు గంటన్నరకు ఒక చుట్టు తిరుగుతుంది. పసిబిడ్డకు ఆ చుట్టు గంటలోపే అయిపోతుంది. చుట్టు ముగిసిన ప్రతిసారీ నిద్ర పలచబడుతుంది. పైగా పుట్టిన కొత్తలో నిద్రలో సగం దాకా కదలికలతో కూడిన నిద్రే. రెప్పల కింద కనుగుడ్లు తిరుగుతుంటాయి, బిడ్డ పెదవులు చప్పరిస్తుంది, మూలుగుతుంది, నవ్వుతుంది, ఒక్కోసారి సన్నగా ఏడుస్తుంది కూడా. దేవుడు ఆడిస్తున్నాడని పెద్దవాళ్లు మురిసిపోయేది ఈ నిద్రను చూసే. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధకుడు కూడా ముందుగా పసిపిల్లల కళ్లను గమనిస్తూనే ఈ నిద్ర పరిశోధనలోకి వచ్చాడు. ఆయన, నథానియెల్ క్లైట్‌మన్ కలిసి 1953లో ఈ కళ్ల కదలికల నిద్ర గురించి ప్రకటించారు.

తల్లికి దీనివల్ల ఉపయోగం ఏమిటంటారా? కదిలిన వెంటనే ఎత్తుకోనక్కర్లేదు. మూలిగిందని ఎత్తుకుంటే నిద్రలో ఉన్న బిడ్డను మనమే లేపినవాళ్లమవుతాం. కాసేపు ఊపిరి బిగబట్టి చూడండి. కళ్లు మూసే ఉందా, మూలుగు తగ్గుతోందా, పెరుగుతోందా? తగ్గుతుంటే వదిలేయండి. పెరుగుతుంటే పొట్ట మీద చెయ్యి వేయండి. నిజంగా ఏడుపు అందుకుంటే ఎత్తుకోండి, మొహమాటం వద్దు. అమెరికాలో థామస్ ఆండర్స్ అనే మనోవైద్యుడు 1970లలో రాత్రిపూట వీడియో తీసి పసిపిల్లల నిద్రను పరిశీలించాడు. రాత్రంతా హాయిగా పడుకుంటారని పేరు తెచ్చుకున్న పిల్లలు కూడా మధ్యలో లేస్తూనే ఉన్నారు. కాకపోతే ఎవరినీ పిలవకుండా మళ్లీ నిద్రలోకి జారుకున్నారు.

పగలేదో రాత్రేదో తెలిసే ఏర్పాటు బిడ్డ ఒంట్లో రెండు మూడు నెలలకు గానీ మొదలవదు. అందాకా అర్ధరాత్రి ఆడుకుంటానంటుంది, మిట్టమధ్యాహ్నం గాఢనిద్రలో ఉంటుంది. ఇక్కడ మన ఆచారం ఒకటి కొంచెం అడ్డం వస్తుంది. గాలి తగలకూడదని పురిటిగది కిటికీలన్నీ మూసేస్తాం. పగలంతా మసక చీకటి, రాత్రేమో ట్యూబ్‌లైటు. ఆ గదిలో పగటికీ రాత్రికీ తేడా బిడ్డకెలా తెలుస్తుంది? చలిగాలి తగలకుండా తల్లిని కాపాడుకోండి, కానీ పొద్దున్నే తెర తీసి వెలుగు రానివ్వండి. పగటి కునుకు తీసేటప్పుడు ఇంట్లో మామూలు చప్పుళ్లు ఉండనివ్వండి, కుక్కర్ కూత పెడితే పెట్టనివ్వండి. సాయంత్రం దీపాలు తగ్గించండి. రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న బెడ్‌లైట్ చాలు. డైపర్ తడిసి బరువెక్కితేనో, బిడ్డ దొడ్డికి వెళ్తేనో తప్ప మార్చకండి. ముద్దుచేసి మాట్లాడటం పగటికి ఉంచుకోండి. సెల్‌ఫోన్ వెలుగు తల్లి నిద్రను పాడుచేస్తుంది కాబట్టి దాన్ని కూడా దూరం పెట్టడం మంచిది.

మొదటి మూడు నెలల్లో ఇంతకు మించి చేయాల్సిందేమీ లేదు. రాత్రి పాలు తగ్గించే ఆలోచన అసలే వద్దు. నెలలు నిండకుండా పుట్టినా, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువున్నా, లేపి మరీ పాలు పట్టమని డాక్టరు చెప్పవచ్చు. ఆ మాటే వినాలి.

సాయంత్రం నుంచే మొదలు

2009లో అమెరికాలో జోడీ మిండెల్ బృందం 405 మంది తల్లులతో ఒక అధ్యయనం చేసింది. బిడ్డను పడుకోబెట్టే ముందు రోజూ ఒకే వరుసలో మూడు పనులు చేయమన్నారు: స్నానం, ఒంటికి మర్దన, తర్వాత లాలిపాటలాంటి నెమ్మది పని ఏదైనా. అరగంటలోపు దీపం ఆర్పేయాలి. రెండు వారాలకే పిల్లలు తొందరగా నిద్రపోవడం, రాత్రి తక్కువసార్లు లేవడం కనిపించింది. తల్లుల మనసు కూడా తేలికపడింది.

మన ఇళ్లలో స్నానం పొద్దున పూట. నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ల మీద వేసుకుని పోస్తాం. ఆ తర్వాత బిడ్డ రెండు మూడు గంటలు ఒళ్లు మరిచి నిద్రపోతుంది. ఆ పద్ధతిని మార్చి రాత్రికి తెచ్చుకోనక్కర్లేదు. సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో ఒళ్లు తుడవడం చాలు. తుడవడం, పల్చటి నూలు చొక్కా తొడగడం, కాళ్లూ చేతులూ కాసేపు నిమరడం, పాలు, దీపం తగ్గించడం, జోలపాట. ఏం చేస్తున్నారన్నదానికంటే అదే వరుసలో చేస్తున్నారా లేదా అన్నదే ముఖ్యం. పాట కూడా రోజుకొకటి మార్చకండి. గొంతు బాగుండక్కర్లేదు. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు. దోమల కాయిల్ కూడా వద్దు, దోమతెర కట్టండి. పసి ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే.

ఈ వరుస ఏ వేళకు మొదలుపెట్టాలో బిడ్డే చెబుతుంది. చూపు పక్కకు తిప్పుకుంటుంది, ఆటబొమ్మ మీద మోజు పోతుంది, కళ్లు నులుముకుంటుంది, చెవులు లాక్కుంటుంది, ఆవులిస్తుంది. అప్పుడే పడుకోబెట్టాలి. అది దాటిపోతే అలసట చిరాకుగా మారి, నిద్ర ముంచుకొస్తున్నా పడుకోదు. పగలు పడుకోనివ్వకపోతే రాత్రి బాగా పడుకుంటుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పసిపిల్లల విషయంలో ఇది సాధారణంగా ఎదురు తిరుగుతుంది.

చాలా ఇళ్లలో అసలు చిక్కు ఏడున్నరకు మొదలవుతుంది. హాల్లో టీవీ సీరియల్, వంటింట్లో పోపు చప్పుడు, ఎనిమిదిన్నరకు ఆఫీసు నుంచి తండ్రి రాక. రోజంతా బిడ్డను చూడని మనిషి గాల్లోకి ఎగరేసి ఆడిస్తాడు. ఆ ప్రేమను ఎవరు కాదనగలరు? వద్దని అతన్ని దూరం పెట్టడం పరిష్కారం కాదు. ఈ వరుసలో ఒక పని అతనికి అప్పగించండి. ఒళ్లు తుడవడమో, జోల పాడటమో, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడమో. అమ్మ చేతుల్లోనే కాదు, నాన్న చేతుల్లోనూ నిద్ర వస్తుందని బిడ్డకు తెలియడం ముందుముందు చాలా పనికొస్తుంది.

ఒళ్లోంచి పక్క మీదికి

భుజం మీద నిద్రపోయిన బిడ్డను పక్క మీద వేయగానే కెవ్వుమంటుంది. ప్రతి ఇంట్లోనూ ఉన్న బాధే ఇది. జపాన్‌లోని రైకెన్ సంస్థలో కుమి కురోడా బృందం 2022లో దీన్ని జాగ్రత్తగా పరిశీలించింది. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడిస్తే ఏడుపు తగ్గింది, సగం మందికి దగ్గరగా నిద్రలోకి వెళ్లారు. కానీ వెంటనే పడుకోబెడితే మూడో వంతుకు పైగా పిల్లలు మళ్లీ లేచారు. నడక ఆపాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు బిడ్డను ఒళ్లో ఉంచుకుని కదలకుండా కూర్చుని, అప్పుడు పడుకోబెడితే లేవడం తగ్గింది. ఇంకో విషయం కూడా తేలింది. బిడ్డ ఉలిక్కిపడేది వీపు పరుపుకు తగిలినప్పుడు కాదు, తల్లి ఒంటి నుంచి విడిపోవడం మొదలైన క్షణంలోనే. అందుకే పడుకోబెట్టేటప్పుడు మీరూ బిడ్డతో పాటు వంగండి. ముందు పిర్రలు, తర్వాత వీపు, చివర తల ఆనించండి. చేతులు వెంటనే లాగేయకుండా ఒకటి ఛాతీ మీద కాసేపు ఉంచండి.

ఇక ఉయ్యాల. దూలానికి చీర కట్టి ఊపడం ఊపిరంత సహజం మనకు. ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెట్టడానికి అది చక్కగా పనిచేస్తుంది. పక్కనే మనిషి కూర్చుని ఊపుతున్నంతసేపు సరే. కానీ చీర ఉయ్యాలలో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. పసిబిడ్డకు మెడ నిలవదు కాబట్టి ఊపిరాడే దారి ఇరుకవుతుంది. బోర్లా పడటం నేర్చిన బిడ్డ అందులోంచి జారిపడవచ్చు, గుడ్డ మెడకు చుట్టుకోవచ్చు. అందుకని రాత్రి నిద్రకు చీర ఉయ్యాల వద్దు. కునుకు పట్టగానే తీసి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

వెల్లకిలా అన్నది తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పింది. 1994 నుంచి దేశమంతా ప్రచారం చేశారు. ఆ తర్వాతి ఏళ్లలో నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. తలకు గుండ్రటి ఆకారం వస్తుందని పెట్టే ఆవాల దిండు, చుట్టూ పేర్చే మెత్తలు, ముఖం మీదికి జరిగే దుప్పటి, ఇవేవీ ఉండకూడదు. పొత్తిగుడ్డలో చుట్టే అలవాటుంటే కాళ్లు మడిచి చాపుకునేంత వదులుగా చుట్టండి. బోర్లా పడే ప్రయత్నం మొదలైన రోజు నుంచి చుట్టడం మానేయండి. ఎండాకాలంలో టోపీలు, మేజోళ్లు వద్దు. ఒళ్లు వేడెక్కిందా అని చూడటానికి అరచేతులు కాదు, మెడ వెనక భాగం పట్టుకు చూడాలి.

పక్కలో వేసుకునే పడుకుంటాం కదా మరి? నిజమే, మన దేశంలో తల్లీబిడ్డా ఒకే పక్క మీద పడుకోవడమే రివాజు. తల్లి గదిలోనే, తల్లి పక్కనే వేరే చిన్న పక్క మీద పడుకోబెట్టడం అన్నిటికంటే క్షేమం. ఒకే పక్క తప్పదనుకుంటే బిడ్డను ఇద్దరు పెద్దవాళ్ల మధ్య కాకుండా తల్లివైపు ఒక పక్కన ఉంచండి. గోడకూ పరుపుకూ మధ్య సందు లేకుండా చూసుకోండి. సిగరెట్ తాగేవాళ్లు, మందు తాగి వచ్చినవాళ్లు, మత్తు కలిగించే మందులు వేసుకున్నవాళ్లు ఆ పక్క మీద పడుకోకూడదు. నెలలు నిండని బిడ్డను, బరువు తక్కువ బిడ్డను పక్కలో వేసుకోవద్దు. సోఫాలో బిడ్డను ఎత్తుకుని కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదం.

సాయం తగ్గించుకుంటూ

నాలుగో నెల ప్రాంతంలో బిడ్డ నిద్ర తీరు మారి పెద్దవాళ్ల నిద్రకు దగ్గరవుతుంది. బాగా పడుకుంటున్న బిడ్డ ఉన్నట్టుండి గంటగంటకూ లేస్తుంది. మన దగ్గర తొలి కాన్పు బిడ్డను పుట్టింటి నుంచి అత్తారింటికి తీసుకెళ్లేది కూడా మూడో నెలలోనో ఐదో నెలలోనో. ఇల్లు మారింది, చేతులు మారాయి, చప్పుళ్లు మారాయి. అక్కడేమో "మీ అమ్మ పాడుచేసి పంపింది" అన్న మాట. దయచేసి ఆ మాట అనకండి. వెళ్లేటప్పుడు బిడ్డ పడుకునే బొంత ఉతక్కుండా తీసుకెళ్లండి, ఆ వాసన బిడ్డకు తెలుసు. అదే పాట, అదే వరుస కొనసాగించండి. రెండు మూడు వారాలు కొత్త ప్రయోగాలేమీ చేయకండి.

ఆరు నెలలు దాటి, బరువు సరిగా పెరుగుతూ ఉంటే అప్పుడు సాయం తగ్గించడం గురించి ఆలోచించవచ్చు. పాలు తాగుతూనే నిద్రపోయే బిడ్డ, మధ్యరాత్రి నిద్ర పలచబడినప్పుడల్లా అదే పరిస్థితి కోసం వెతుక్కుంటుంది. ఆకలి లేకపోయినా రొమ్ము అడుగుతుంది. దీన్ని మార్చాలంటే పాతది లాగేసే ముందు కొత్తది పక్కన చేర్చాలి. వారం పది రోజులు పాలిస్తూనే జోకొట్టండి, అదే పాట సన్నగా పాడండి. పాలతో పాటు ఆ చేతి తాళం, ఆ పాట కూడా నిద్రకు గుర్తులవుతాయి.

తర్వాత ఎలిజబెత్ పాంట్లీ 2002లో తన పుస్తకంలో వివరించిన ఉపాయం ప్రయత్నించండి. చప్పరించడం నెమ్మదించి, నోరు వదులయ్యాక, పూర్తిగా నిద్రపోకముందే మెల్లగా రొమ్ము తప్పించండి. వెతుక్కుంటే కాసేపు గడ్డం కింద వేలితో ఆపి చూడండి, ఊరుకోకపోతే మళ్లీ ఇచ్చేయండి. మళ్లీ నెమ్మదించాక మళ్లీ తప్పించండి. మొదటి రాత్రి ఐదారు సార్లు చేయాల్సి రావచ్చు. ఏడుపు దాకా లాగకండి. కొన్నాళ్లకు పాలు తాగడం పూర్తయి, కళ్లు మూతలు పడుతూ, ఇంకా మెలకువ ఉండగానే పక్క మీద వేయడం కుదురుతుంది. అక్కడి నుంచి ముందు ఛాతీ మీద చెయ్యి, కొన్ని రోజులకు పక్కన చెయ్యి, ఆ తర్వాత ఒట్టి గొంతు.

ఈ పని సాయంత్రం మొదటి నిద్రతోనే మొదలుపెట్టండి. అప్పుడు బిడ్డకు నిద్ర బాగా ముంచుకొస్తుంటుంది, మీకూ ఓపిక ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి ఎవరి దగ్గరా ఓపిక ఉండదు, ఆ వేళ పాత పద్ధతిలోనే నిద్రపుచ్చేయండి, తప్పేం లేదు. రాత్రి పాలలో ఒకసారి తగ్గించాలనుకున్నప్పుడు ఆ మెలకువకు తండ్రి లేవడం మేలు. తల్లి ఎత్తుకుంటే పాల వాసన తగిలి బిడ్డ ఊరుకోదు. జ్వరం, టీకా, పళ్లు రావడం, ప్రయాణం, వీటిలో ఏది వచ్చినా అన్నీ ఆపి హాయిగా ఎత్తుకోండి. నాలుగు రోజులాగి మళ్లీ మొదలుపెడితే కోల్పోయేదేమీ ఉండదు.

ఏడ్చినా వెళ్లకుండా వదిలేసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. అమెరికాలో ఎమ్మెట్ హోల్ట్ అనే పిల్లల వైద్యుడు 1894లోనే దాన్ని సమర్థించాడు. అక్కడే రిచర్డ్ ఫెర్బర్ అనే వైద్యుడు 1985లో, మధ్యమధ్య వెళ్లి పలకరిస్తూ ఆ విరామాన్ని పెంచుకుంటూ పోయే పద్ధతిని రాశాడు. ఇలా విరామాలిచ్చి ఊరడించే పద్ధతుల మీద ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన ఐదేళ్ల తర్వాత కూడా పిల్లల్ని పరిశీలించింది. చెడు జరగలేదు, ప్రత్యేకంగా మేలూ మిగల్లేదు. కాబట్టి అది పాటించిన తల్లిని ఎవరూ నిందించకూడదు. అయినా నేను దాన్ని సూచించను. ఒకే గదిలో అందరూ పడుకునే ఇంట్లో, పక్కనే మామ్మ కూర్చుని కళ్లొత్తుకుంటుంటే అది రెండో రాత్రికే ఆగిపోతుంది. సగంలో ఆపితే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే ఎత్తుకుంటారని బిడ్డ నేర్చుకుంటుంది. అమెరికాలో ఉంటున్న మన కుటుంబాల్లో డాక్టరు ఒకటి చెప్పి, కాన్పుకు వెళ్లిన అమ్మమ్మ ఇంకొకటి చెప్పి, మధ్యలో కూతురు నలిగిపోవడం ఈ విషయం మీదే.

నిద్ర కోసం మందులు వద్దు. దగ్గు, జలుబు సిరప్‌తో మత్తుగా పడుకుంటుందని పట్టడం ప్రాణాంతకం కావచ్చు. నల్లమందు నాకించిన రోజులు పోయాయి, అవి మళ్లీ ఏ రూపంలోనూ రాకూడదు. వస కొమ్ము కూడా నాకించకండి. ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదు. ఆరు నెలలలోపు రాత్రి నిద్ర కోసమని ఉగ్గు మొదలుపెట్టవద్దు.

మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం ఉంటే ఎంత రాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నిద్రలో గురక పెట్టినా, ఊపిరి మధ్యలో ఆగి ఆగి తీసుకున్నా, బరువు పెరగకపోయినా, ఎంత ఎత్తుకున్నా ఊరుకోని ఏడుపు కొత్తగా మొదలైనా డాక్టరుకు చూపించండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. తల్లికి రోజులో ఒక్కసారైనా నాలుగైదు గంటలు, పాలివ్వడానికి తప్ప లేవనక్కర్లేని నిద్ర దొరికేలా చూడండి. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బిడ్డను భర్తో అత్తగారో చూసుకుని, పాలకు మాత్రమే తల్లి దగ్గరికి తెచ్చి, త్రేన్పు తెప్పించడం, జోకొట్టడం వాళ్లే చేస్తే చాలా ఇళ్లలో ఇది కుదురుతుంది. బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టడం లేదని, ఊరికే ఏడుపొస్తోందని, బిడ్డ మీద ప్రేమ కలగడం లేదని తల్లి చెబితే "బాలింతలకు మామూలే" అని కొట్టిపారేయకండి. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే అది వైద్యం అవసరమైన జబ్బు, వైద్యంతో తగ్గుతుంది. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేయాలనిపిస్తోందంటే ఒక్క పూట కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.